వీపుల బొమ్మలు

బండి చక్రం కిచకిచ వినిపించగానే మేడమీదమ్మాయి చేతిలో బొగ్గుముక్క ఆగిపోయేది. చటుక్కున కిటికీ తెర లాగి, గోడకు ఆనుకుని నిలబడేది. ఆ చప్పుడు కిటికీ కిందికొచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ వాలులోకి దిగిపోయాక గానీ ఆమెకు ఊపిరి ఆడేది కాదు.

నలభై దాటినా వీధిలో అందరికీ ఆమె మేడమీదమ్మాయే. కింది వాటాలో అన్నా వదినా ఉంటారు. పైగదిలో ఆమె, ఆమె బొమ్మలు.

ఆ వీధి బాగా వాలు. ఆ ఇల్లు వాలుకి పై కొసన ఉంది. తెల్లారగానే ఊడ్చేవాళ్ళు ముగ్గురు ఆ ఇంటి ముందే మొదలుపెట్టి, పోగులు పెట్టుకుంటూ కిందికి దిగుతారు. అందుకని కిటికీలోంచి చూస్తే వాళ్ళ వీపులే కనిపిస్తాయి. నాలుగో మనిషి మాత్రం ఖాళీ బండి తోసుకుంటూ కింది నుంచి పైకి వస్తుంది. కొసదాకా వచ్చి, అక్కణ్ణుంచి పోగులు ఎత్తుకుంటూ దిగుతుంది. ఎక్కేంతసేపూ ఆవిడ ముఖం కిటికీకి ఎదురుగానే ఉంటుంది. తలెత్తి చూస్తుంది కూడా.

వీపులు ఏమీ అడగవు. మేడమీదమ్మాయికి అందుకే అవంటే ఇష్టం. ఎవరైనా తనను చూస్తున్నారని తెలిస్తే చాలు, బొమ్మ వేస్తున్నట్టు కాక దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. చిన్నప్పుడూ అంతే. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటున నిలబడి వాళ్ళ చెప్పుల బొమ్మలు వేసేది. పెద్దయ్యాక ఆ తలుపుచాటుకు ఏకాంతమని పేరు పెట్టుకుంది. పేరు మర్యాదగా ఉంది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదని కూడా నమ్మింది.

ఒకరోజు అన్నం పళ్ళెంతో మెట్లెక్కి వచ్చిన వదిన, గోడవారన పేరుకుపోయిన కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"వీళ్ళు మన వీధి ఊడ్చేవాళ్ళు కదూ? ఇదిగో, పొట్టామె! అచ్చంగా ఆవిడ నడుమే."

"అక్కడ పెట్టెయ్ వదినా."

"పెట్టేస్తే చెదపురుగులు చూసి మెచ్చుకుంటాయి. నేను పనిచేసే లైబ్రరీ ముందుగదిలో పెడదాం. అక్కడున్నవన్నీ గొప్పవాళ్ళ పటాలు. పుస్తకం ఇంకా తిరిగివ్వలేదేమని గుడ్లురుముతున్నట్టుంటారు. వీళ్ళు నయం, అటు తిరిగున్నారు."

వదినకు కాదని చెప్పాలంటే చాలా మాటలు కావాలి. ఒప్పుకోవడానికి తల ఊపితే చాలు. మేడమీదమ్మాయి తల ఊపింది.

"వాళ్ళనీ పిలుస్తాను. అన్నట్టు, బండి తోసే ఆవిడ లేదేం?"

"కుదరలేదు."

వదిన పళ్ళెం అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. అన్నం చల్లారిపోయింది. నా బొమ్మ ఏదమ్మా అని ఆ నాలుగో మనిషి అడిగితే ఏం చెప్పాలి? అప్పటినుంచీ ఆమెకు అదొక్కటే దిగులు.

బొమ్మలు గోడకెక్కిన రోజు నలుగురూ పని ముగించుకుని, ముఖాలు కడుక్కుని లైబ్రరీకి వచ్చారు. గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"రోజూ ఈ గుమ్మం ముందు ఊడ్చేదే," అంది ఊడ్చేవాళ్ళలో పెద్దక్క, "లోపల ఎలా ఉంటుందో ఇవాళే చూడ్డం."

లోపలికి వచ్చాక మాత్రం వాళ్ళకు ఎవరూ ఏమీ చూపించాల్సిన పని లేకపోయింది.

"అమ్మో, ఇది నేనే! ఇంత వంగిపోయానటే?" అంది పొడుగామె.

"నువ్వు వంగకపోతే చీపురు నేలకి అందొద్దూ?" అంది పొట్టామె.

పెద్దక్క తన బొమ్మ ముందు మెడ పక్కకు వాల్చి నిలబడింది. "నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదే. ముడి ఇంత చక్కగా ఉంటుందా? మా ఆయన ఒక్కనాడైనా చెప్పి చావలేదు."

మూల కూర్చుని పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అమ్మా, కాస్త అటు తిరుగు. ఆ... నువ్వే! రోజూ మా ఇంటి ముందు కనిపిస్తావు!"

"ఇన్నేళ్ళకి గుర్తుపట్టారు, అదీ వెనకనుంచి!" అంది పొట్టామె. గదంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వి, పేపరు మడిచిపెట్టి, మొదటి బొమ్మ నుంచి మళ్ళీ చూడటం మొదలుపెట్టాడు.

బండిమనిషి గోడల వెంట ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"నేను లేను," అంది. వాన లేదన్నంత మామూలుగా అంది.

"నువ్వెప్పుడూ చివరికే కదా వచ్చేది," అని పొట్టామె నవ్వబోయి ఆగిపోయింది.

బండిమనిషి మేడమీదమ్మాయి వైపు తిరిగింది. "ఆ పై కిటికీ మీదే కదమ్మా? నేను ఎక్కి వస్తుంటే తెర పడుతుంది. కంపు పడట్లేదేమో అనుకున్నాను. ఖాళీ బండి కూడా కంపు కొడుతుందా అనుకున్నాను. అందుకే కింద కుళాయి దగ్గర రోజూ కడిగి మరీ తెస్తున్నాను. అయినా తెర పడుతూనే ఉంది."

తెరకు ఇవతల తన భయం ఎంతుందో, ఏ పూట ఎలా ఉంటుందో అంతా మేడమీదమ్మాయికి తెలుసు. తెరకు అవతల కూడా ఒకరు నిలబడి ఉంటారని మాత్రం ఎన్నడూ తట్టలేదు. ఒక మనిషి తెల్లారకముందే లేచి, తన కోసం బండి కడుగుతూ ఉంది.

"కంపు కాదు," అంది.

"మరి?"

"మీరు తలెత్తి చూస్తారు."

"ఎత్తు ఎక్కాలి కదమ్మా. తలెత్తకపోతే బండి ఎక్కడికి తొయ్యను?"

"చూస్తే నాకు చెయ్యి ఆడదు. భయం."

ముందు తేరుకున్నది పొడుగామె. "మనల్ని చూసి భయపడేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట! మన మేస్త్రీకి చెప్పాలి, కాస్త నేర్చుకుంటాడు."

బండిమనిషి నవ్వలేదు. "భయమేనా? అసహ్యం కాదుగా?"

"భయమే."

ఆవిడ ఆ మాటను కాసేపు తూచి చూసింది. "సరే అయితే. రేపూ వస్తాను. తల మాత్రం దించుకుని రాను."

మర్నాడు పొద్దున్నే మేడమీదమ్మాయి తెర ఊడదీసి, మడిచి, మంచం మీద పడేసింది. ముగ్గురూ ఊడ్చుకుంటూ దిగిపోయారు. కింద చక్రం కిచకిచమంది. చెయ్యి ఆగింది. వీపు దానంతటదే గోడకోసం వెనక్కి జరిగింది. కాళ్ళను మాత్రం ఆమె కదలనివ్వలేదు.

ముఖం దగ్గరైంది. బిగిసిన దవడ, బండి పిడికి ఆనించిన ఛాతీ, పైకెత్తిన కళ్ళు. కాగితం వైపు చూడకుండానే ఆమె చెయ్యి కదిలింది. అప్పుడు కనిపించింది ఆమెకు. ఇన్నాళ్ళూ తనను నిలదీస్తోందనుకున్న ఆ చూపు తన కోసం కాదు. ఇంకా ఎంత ఎక్కాలో కొలుచుకునే చూపు అది. ఊరట కలిగింది, కాస్త సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్ళ దాగుడుమూతల్లో వెతికేవాళ్ళే లేరు.

అయితే ఇవాళ ఆ చూపు వీధి కొసదాకా వచ్చి, కిటికీ మీద ఆగింది. ఈసారి తన కోసమే. మేడమీదమ్మాయి గీస్తూనే ఉంది.

రెండు రోజుల తర్వాత నలుగురూ మళ్ళీ లైబ్రరీకి వచ్చారు.

"కళ్ళేంటమ్మా ఇంతింత వేశారు, గుడ్లగూబకి మల్లే?" అంది బండిమనిషి.

"నాకలాగే కనిపించాయి."

"బండి మరీ బొమ్మబండిలా ఉంది."

"బండి వైపు చూడలేదు."

ఆవిడ చాలాసేపు చూసింది. బొమ్మలోని కళ్ళ దగ్గరికి వేలు తీసుకెళ్ళి, తాకకుండా వెనక్కి తీసుకుంది. "వీళ్ళ ముగ్గురి మధ్యలో పెట్టండి. వాళ్ళు దిగుతుంటే నేను ఎక్కి వస్తున్నట్టుంటుంది."

వదిన సుత్తీ మేకూ తెచ్చి మేడమీదమ్మాయి చేతిలో పెట్టింది. మొదటి దెబ్బకే మేకు వంకరపోయింది. వెనక్కి తిరిగితే నలుగురూ, వదినా, పేపరు పెద్దాయనా వరసగా నిలబడి తననే చూస్తున్నారు.

"మీరంతా చూస్తుంటే అంతే," అంది.

"చూస్తూనే ఉంటాం," అంది బండిమనిషి. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. "కొట్టండి."

ఆమె వంకర సరిచేసి, మళ్ళీ కొట్టింది.