పైపుకు కట్టిన ముడుపు

దేవుడికి ముడుపు ఎక్కడ కట్టాలో ఏ శాస్త్రమూ గట్టిగా చెప్పినట్టు లేదు. చెట్టుకు కట్టేవాళ్లున్నారు, దేవుడి పటానికి కట్టేవాళ్లున్నారు. అరకులో కిరాణా కొట్టు కృష్ణమూర్తి భార్య కనకమహాలక్ష్మి మాత్రం ట్రాక్టరు పైపుకు కట్టింది.

ఆ ట్రాక్టరు వెనకున్న ట్రాలీ తొట్టి జాకీతో పైకి లేస్తుంది. ఇసుకైనా గ్రావెలైనా పార పట్టకుండా దానంతట అదే జారిపోతుంది. ఆ జాకీకి నూనె అందించే నల్ల రబ్బరు పైపు దసరాల ముందు చెమర్చడం మొదలుపెట్టింది. కొండ దిగువనున్న కోట ఊరి నుంచి వచ్చిన మెకానిక్కు వంగి చూసి, "రబ్బరు పగిలిపోనాది సావుకారు గారూ, లోపలి తీగ అగుపడతంది. పైపు మార్చీయండి" అన్నాడు.

"సూద్దాం లే," అన్నాడు కృష్ణమూర్తి. ఆయన 'సూద్దాం' అన్న పని మళ్లీ ఎవరి కంటా పడదని కొట్టుకొచ్చే బేరగాళ్లందరికీ తెలుసు.

కనకమహాలక్ష్మికి సింహాద్రి అప్పన్న మీద గురి. ఆయుధపూజ నాడు బండికి బొట్లు పెట్టి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటకట్టి, సరిగ్గా నూనె చెమర్చే చోట పైపు చుట్టూ చుట్టి మూడు ముళ్లు వేసింది. "స్వామీ, ఏడాది పాటు ఈ బండి ఏ బెంగా పెట్టకుండా తిరిగితే కొండకొచ్చి ఈ ముడుపు నీ హుండీలో వేస్తాను" అని దండం పెట్టుకుంది.

మర్నాడు చూస్తే పైపు కింద నేల పొడిగా ఉంది.

అంతవరకూ పెళ్లాం మొక్కుల్ని వెటకారం చేసిన కృష్ణమూర్తి ఆ రోజుతో అరకులోకెల్లా పెద్ద భక్తుడైపోయాడు. పప్పు తూచుతూ ముడుపు మహిమ చెప్పేవాడు, బెల్లం తూచుతూ ముడుపు మహిమ చెప్పేవాడు. డ్రైవరు ధనుంజయ్ ఒక్కడే నమ్మలేదు. ఆ పక్క కొండ మీది ఊరివాడు. ఇద్దరు పిల్లల తండ్రి. నోరు కాస్త చురుకు.

"గుడ్డ తాగేత్తంది సావుకారీ, నూనె," అన్నాడొకరోజు.

"అప్పన్న తాగుతున్నాడనుకోరా."

"అప్పన్నకి సందనం కదా. నూనెప్పుడు మొదలెట్టినాడు?"

"నీకేటి తెల్సు, బండి తియ్యి," అన్నాడు కృష్ణమూర్తి.

ముడుపుకో కట్టుబాటుంది. ఒకసారి కట్టాక మొక్కు చెల్లేదాకా విప్పకూడదు, కొయ్యకూడదు. అందువల్ల ఆ గుడ్డ కింద పైపు ఎలా ఉందో చూసే వీల్లేకుండా పోయింది. గుడ్డ పసుపు పోయి గోధుమరంగుకొచ్చింది, గోధుమరంగు పోయి అట్లపెనంలా నల్లబడింది. సాయంత్రం దీపం పెట్టినప్పుడల్లా కనకమహాలక్ష్మికి ఒక సందేహం వచ్చేది. నేను మొక్కింది బండి బాగుండాలనా, లేక బండిని ఎవరూ బాగుచెయ్యకూడదనా? దేవుడి ముందు ఇలాంటి అనుమానాలు తప్పేమోనని లెంపలు వేసుకునేది. అనుమానం మాత్రం పోయేది కాదు.

మాఘమాసంలో ఒక శుక్రవారం. అరకులో శుక్రవారమంటే సంత. కొండల మీంచి జనం విస్తళ్లు కుట్టే అడ్డాకు కట్టలు, చింతపండు, పసుపు కొమ్ములు మోసుకొచ్చి కొట్ల ముందు దించుతారు. కొట్టు వెనక గది కట్టడానికి ధనుంజయ్ పొద్దున్నే గ్రావెలు తెచ్చాడు. తొట్టి సగం లేచి ఆగిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది. ఎక్కణ్ణుంచో సన్నగా, ఎండుటాకుల్లో పాము పోతున్నట్టు బుస్సుమని చప్పుడు.

కృష్ణమూర్తి తరాజు వదిలి వచ్చాడు. వంగి చూశాడు. ఒక్క చుక్క కారడం లేదు.

"ఇంజను ఆపీసి, తొట్టి దించీసి, గుడ్డ ఇప్పి సూద్దుము సావుకారీ," అన్నాడు ధనుంజయ్.

"ముడుపు ఇప్పుతావేటిరా? కళ్లు పోతాయి. నానుండగా ఆ పని సెయ్యకు."

విప్పకుండా చూడ్డానికి ఆయనకు తోచిన ఉపాయం ఒక్కటే. కుడిచేతి చూపుడువేలు గుడ్డ కిందికి దూర్చి పైపు పొడవునా తడిమాడు. అంతలోనే వేలు లాక్కున్నాడు.

"ఏటైంది?"

"చీమ కుట్టింది."

వేలి కొసన ఆవగింజలో సగం చుక్క. రక్తమైనా సరిగ్గా రాలేదు. కృష్ణమూర్తి వేలు పంచెకు తుడుచుకుని, నూనె వాసనకు ముక్కు చిట్లించి, మళ్లీ తరాజు దగ్గరకు పోయాడు. కనకమహాలక్ష్మి పసుపు అద్దింది. "ఇంత దానికి పసుపెందుకే," అని ఆయన నవ్వాడు కూడా.

సంత నిండుగా సాగుతుండగా ఆయన ఉప్పు పొట్లం కట్టలేకపోయాడు. దారం చుట్టబోతే వేలు వంగలేదు. కొస తెల్లబడింది, మొదలు వంకాయలా బిగిసి నిగనిగలాడుతోంది. లోపల రోట్లో దంచుతున్నట్టుందన్నాడు.

"గుడ్డలో తేలుందేమో," అంది భార్య. తేలు అనగానే గుర్తొచ్చినవాడు మంగ్లు. ధనుంజయ్ ఊరికి దిసారి ఆయన. పెళ్లి ముహూర్తాలు ఆయనే పెడతాడు, తేలు మంత్రం ఆయనే వేస్తాడు. ప్రతి సంతకూ పొగాకు కోసం వాళ్ల కొట్టుకే వస్తాడు. అప్పటికే అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

మంగ్లు వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"దీన్ని కుట్టిన దానికి నోరుందేటి బావూ?"

"నోరేటి?"

"పాముకి నోరుంది, తేలుకి తోకుంది. నా మంత్రం వాటికే. ఇది ఇంజను వాసనేత్తంది. ఇంజనుకి నా కాడ మంత్రం లేదు."

"పోనీ ఏదోటి ఎయ్యి మావా," అన్నాడు కృష్ణమూర్తి. దిసారిని ఆయన మావా అనడం అదే మొదటిసారి.

"ఏదోటి ఎయ్యడానికి ఇది పొగాకేటి? ఎక్కడ కుట్టిందో సూపించు."

కొట్టు వెనక్కి, ట్రాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. మంగ్లు అందర్నీ దూరంగా నిలబెట్టాడు. పొడుగాటి వెదురు గెడ చివరికి ఒక అడ్డాకు గుచ్చి, "పుట్టలో సెయ్యెట్టి పామున్నాదో లేదో సూత్తారేటి ఎవులైనా? కర్రెట్టి సూత్తారు," అని గెడను గుడ్డ వైపు చాచాడు. ధనుంజయ్ ఇంజను తిప్పి లివరు లాగాడు. ఆకు ఒక్కసారి అదిరింది. వెనక్కి తీసి చూస్తే మధ్యలో సన్నటి చీలిక, కొత్త బ్లేడుతో గీసినట్టు. నూనె ధార మాత్రం ఎవరి కంటికీ కనిపించలేదు.

కనకమహాలక్ష్మి ఆ ఆకు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత మొగుడి వేలు చూసింది. ఆకులోంచి నూనె దూసుకుపోయింది, వేల్లోంచి అవతలికి పోలేదు. అంటే లోపలే ఉంది.

"కొట్టు కట్టీండి. ఆసుపత్రికెల్దాం," అంది.

"సంత నాడు కొట్టు కడతావేటే? సాయంత్రం సూద్దాం."

ఆ 'సూద్దాం' వినగానే ఆవిడ కొట్టు తలుపు చెక్కలు ఒక్కొక్కటీ తెచ్చి బిగించడం మొదలుపెట్టింది. బెల్లం సగం తూయించుకున్న బేరగాడు బెల్లంతో సహా బయటపడ్డాడు.

ఊళ్లోని డాక్టరు కుర్రాడే అయినా కంగారు పడేవాడు కాదు. వేలు చూసి, ఆకు చూసి, కుర్చీలోంచి లేచాడు. "ఇది పైకి చుక్క, లోపల వేలంతా నూనె. సూదిమందు ఎక్కించినట్టు ఎక్కిపోయింది. ఇక్కడ నా వల్ల కాదు. ఇప్పుడే విశాఖపట్నం తీసుకెళ్లండి, నేను ఫోను చేసి చెప్తాను. వేలు కోసి కడగాలి. తెల్లారేదాకా ఆగితే వేలు దక్కకపోవచ్చు. పిసకొద్దు, కాపడం పెట్టొద్దు. ఏ నూనో ఆ డబ్బా కూడా పట్టుకెళ్లండి. మత్తిస్తారు కాబట్టి ఆయనకు తిండీ నీళ్లూ ఏమీ పెట్టొద్దు."

"మంచినీళ్లు కూడానా?" అన్నాడు కృష్ణమూర్తి. వేలు పోతుందన్నప్పుడు కంటే ఇప్పుడు ఎక్కువ అదిరిపడ్డాడు.

జీపు ఘాట్ రోడ్డు దిగింది. కనకమహాలక్ష్మి నూనె డబ్బాను ప్రసాదంలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏనాడూ ఏకాదశి ఉపవాసం ఉండని కృష్ణమూర్తి దారిలో పకోడీల బండి కనబడ్డ ప్రతిచోటా మెడ తిప్పి చూస్తున్నాడు. కోట దాటాక చూడ్డం మానేశాడు. వేలి నుంచి ముంజేతిదాకా సలుపుతోందని, ఇక కొట్టులో పొట్లం ఎవరు కడతారని, చిన్నగొంతుతో అడిగాడు. ఆవిడ డబ్బా మూత మరోసారి బిగించింది. ఆ పసుపు గుడ్డ తను కట్టకపోయుంటే ఈయన ఆ పైపు మార్చేవాడా? మార్చేవాడు కాదు. కానీ వేలు దూర్చేవాడూ కాదు. అప్పన్నా, ఇందులో నీ వంతెంత, నా వంతెంత అని దారి పొడవునా అడుగుతూనే ఉంది.

ఆ రాత్రే వేలు నిలువునా కోసి కడిగారు. రెండు రోజులాగి మళ్లీ కడిగారు. వేలు దక్కింది. పైకణుపు మాత్రం సగమే వంగుతుంది.

వాళ్లు అరకు వచ్చేసరికి ధనుంజయ్ కొత్త పైపు వేయించేశాడు. మెకానిక్కు మొదట తొట్టి కిందికి దించి, ఇంజను ఆపి, లివరు అటూ ఇటూ ఆడించి నూనె జోరు తగ్గాకే మర విప్పాడట. పాత పైపును ధనుంజయ్ గుడ్డ ముట్టకుండా మొత్తంగా తీసి గోనెసంచిలో పెట్టాడు. "ముడుపు ఇప్పలేదమ్మా. పైపే ఇప్పించీసినాను," అన్నాడు గొప్పగా.

"కోరిక తీరలేదు కదా, ముడుపెందుకు చెల్లించాల?" అన్నాడు కృష్ణమూర్తి.

"నానడిగింది బండి గురించి. ఆయన దక్కించింది మీ వేలు. మీకేది ముద్దో సెప్పండి, దాన్నిబట్టి చెల్లిద్దాం."

కృష్ణమూర్తి చెప్పులు వేసుకున్నాడు.

సింహాచలం కొండ మీద, హుండీ దగ్గర కాపలా మనిషి గోనెసంచిలోంచి పైకొచ్చిన పైపు చూసి ఆపాడు.

"ఇదేటమ్మా?"

"ముడుపు."

"ఇది పైపు."

"ముడుపు పైపు మీదున్నాది నాయినా. ఒక్క నిమిషం."

మూడు ముళ్లూ నూనెలో నాని బిగిసిపోయాయి. ఆవిడ పళ్లతో లాగి విప్పింది. గుడ్డ కింద, రబ్బరు పగులులో, వెతికితే గానీ కనబడనంత చిన్న చిల్లు. రూపాయి నల్లగా, చేపలా జారిపోతోంది. రెండుసార్లు జారాక హుండీలో పడింది. కృష్ణమూర్తి చేతులు జోడించాడు. ఒక్క వేలు మిగతావాటితో కలవకుండా కాస్త ఎడంగా నిలబడింది.

ఇప్పుడా పైపు కొట్టులో తరాజు పైన వేలాడుతోంది. ట్రాక్టరున్న ఏ రైతు వచ్చినా కృష్ణమూర్తి వంగని వేలితో చిల్లు చూపిస్తాడు. పప్పు తూచుతూ చూపిస్తాడు, బెల్లం తూచుతూ చూపిస్తాడు.

మళ్లీ దసరా వచ్చింది. బండికి బొట్లు పెడుతుంటే ధనుంజయ్ అడిగాడు, "కొత్త పైపుకి ముడుపు కట్టరా అమ్మా?"

"కడతాను. నీ సీటుకి కడతాను. పైపుని నువ్వు సూసుకో, నిన్ను అప్పన్న సూసుకుంటాడు."

"మరి నన్నెవరు సూస్తారే?" అన్నాడు లోపల్నుంచి కృష్ణమూర్తి.

"మిమ్మల్ని నాను సూత్తాను గానీ, పిండి కలిపీసారేటి?"

వేలికి కసరత్తు ఉండాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆ ఇంట్లో చపాతీ పిండి కలిపేది ఆయనే.