జల్లెడ పట్టిన ఇసుక

మంగళవారం పొద్దున్నే అత్తగారు పెద్దకొడుకు జీపు చుట్టూ తిరిగి వెళ్లి చిన్నకొడుకు జీపెక్కింది. ఇలా ఎక్కడం ఇది మూడో మంగళవారం. వాకిట్లో నిలబడి చూస్తున్న పెద్దకోడలు చంకలో బిందె దించడం కూడా మరచిపోయింది.

నెల కిందటి వరకూ కొండమీది తోటకు వెళ్లాలంటే ఆవిడ ఎక్కేది పెద్దవాడి బండే. ఒకరోజు వానలో జీపు పక్కనున్న ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టగానే జర్రున జారింది. మోకాలు ఇనుముకు కొట్టుకుని వారంరోజులు మంచం దిగలేదు. ఆ ఫుట్‌బోర్డుకు రంగు వేసింది పెద్దకోడలే. షెడ్డులో మొగుడు బళ్ల సొట్టలు తీస్తే, రంగులు వేసేది ఆమె. సొంత బండి కదా అని మూడు పూతలు వేసి, ముఖం చూసుకునేంత నునుపుగా మెరిపించింది. ఆ మెరుపే అత్తగారి మోకాలి మీదకు వచ్చింది.

చిన్నకోడలు బట్టలు కుట్టుకునే మనిషి. రంగుల సంగతి ఆమెకు ఒక్క ముక్క తెలియదు. పాత రబ్బరు పట్టాను నాలుగు ముక్కలుగా కత్తిరించి, జిగురు రాసి తమ జీపు ఫుట్‌బోర్డుకు అంటించింది. అంతే. అత్తగారు ఆ బండికి కాపురం మార్చేసింది.

"చూశారా మీ అమ్మగారిని? మన బండికి దెయ్యం పట్టినట్టు ఎంత దూరం నుంచి తిరిగి వెళ్తోందో!" అంది పెద్దకోడలు మొగుడితో.

"ఒకసారి జారింది కదే. భయం."

"భయమా? మురిపెం! పాతికేళ్లు నేను చేసిన చాకిరీ ఒక్క వానకు కొట్టుకుపోయింది. ఆ మహాతల్లి నాలుగు రబ్బరు ముక్కలు అంటించేసరికి బంగారుతల్లి అయిపోయింది."

"అబ్బో! కుళ్లు కూడా మూడు పూతలు వేశావే!" అని నవ్వి ఆయన సుత్తి అందుకున్నాడు.

ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఆమె పక్క వాకిట్లోకి వెళ్లి చిన్నవాళ్ల జీపు దగ్గర వంగి చూసింది. రబ్బరు ముక్క ఒకటి మూలన లేచి ఉంది. గోటితో ఇంకాస్త లేపితే? చెయ్యి దాకా వచ్చింది ఆ బుద్ధి. ఎవరో దగ్గినట్టయి వెనక్కి తీసుకుంది. అయినా ఆ లేచిన మూల చూసినందుకు ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు తమ జీపు పని పట్టింది. ఉప్పుకాగితంతో ఆ నునుపంతా గీకేసింది. జిడ్డు పోయేలా థిన్నరుతో తుడిచింది. రంగు పూసి, అది ఆరకముందే మీద ఇసుక చల్లింది. షెడ్డులో రెండు రకాల ఇసుక ఉంటే ముతకదే తీసింది. ఏనుగు ఎక్కినా జారకూడదు, చిన్నదాని ముఖం మాడిపోవాలి. ఆరాక రాలిందంతా చీపురుతో ఊడ్చి, పైన మరో పూత వేసింది. అరచేత్తో రుద్దితే చర్మం లేచొచ్చేలా ఉంది. మనసు నిండిపోయింది.

మంగళవారం తనే ఎదురెళ్లి పిలిచింది. "రండత్తయ్యా, ఎక్కి చూడండి. ఈసారి జారితే నా పేరు మార్చి పిలవండి."

అత్తగారు ఎక్కింది. జారలేదు. పెద్దకోడలు ఎప్పటిలాగే ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చుని, వెనక వస్తున్న చిన్నవాళ్ల జీపును అద్దంలో చూసుకుంటూ తోటదాకా వెళ్లింది. దారిలో అత్తగారు నాలుగు చోట్ల దిగింది, నాలుగుసార్లు ఎక్కింది. ఒక్కసారైనా పెద్దకోడలు వెనక్కి తిరగలేదు. గెలిచినవాళ్లు వెనక్కి చూస్తారా!

ఇంటికొచ్చిన కాసేపటికి చూస్తే అత్తగారు తన అరుగు మీద కూర్చుని ఉంది. పాదాలు గోరువెచ్చని నీళ్ల బేసిన్లో ఉన్నాయి. చిన్నకోడలు కింద కూర్చుని ఒక పాదం తుడుస్తోంది. అరికాలంతా చెక్కుకుపోయి ఎర్రగా ఉంది.

"ఏమైంది? చెప్పులేమయ్యాయి?" అంది పెద్దకోడలు.

"అత్తయ్య జీపెక్కేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటారు కదక్కా," అంది చిన్నకోడలు. "తెలీదా?"

"అన్నం పెట్టే బండిని చెప్పుకాళ్లతో తొక్కుతానా?" అంది అత్తగారు. "పట్టు బాగానే ఉందమ్మాయ్. కాస్త ఎక్కువ పట్టింది, అంతే."

పెద్దకోడలు వంగి ఆ అరికాలు చూసింది. పాతికేళ్లు ముందు సీట్లో కూర్చుంది తను. వెనక ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతోందని నిన్నగాక మొన్న వచ్చినదానికి తెలుసు. తన తప్పుకు సిగ్గుపడాలో, ఆ 'తెలీదా' అన్న మాటకు మండిపడాలో తేలక రెండూ కలిపి మింగింది.

మూడు రోజులు పట్టింది ఆ ముతకంతా గీకడానికి. సన్న ఇసుక తెచ్చి, కడిగి, ఎండబెట్టి, పిండి జల్లెడ రెండుసార్లు పట్టింది. రంగు మీద చల్లి, ఆరాక పైపూత వేసి, అదీ ఆరాక చెప్పులు విప్పి తనే ఎక్కింది. దిగింది. నీళ్లు పోసి మళ్లీ ఎక్కింది. సబ్బునీళ్లు పోసి ఎక్కింది. ఇరవైసార్లయ్యాక అరికాలు తిప్పి చూసుకుంది. గీతైనా పడలేదు.

"బావుందమ్మాయ్," అంది అత్తగారు మెల్లగా ఎక్కి, దిగి. "పిల్లి నాలుకలా ఉంది. చిన్నదాని బండికీ ఇదే వేసి పెట్టు. ఆ రబ్బరు లేచిపోతోంది."

పెద్దకోడలు చేతులు కొంగుకు తుడుచుకుంది. "వేస్తాను. వేశాక మీరు ఎవరి బండెక్కుతారు?"

అత్తగారు ఆమె ముఖంలోకి చూసి నవ్వు ఆపుకుంది. "ఏది ముందు బయల్దేరితే అది."

వేసింది. అడ్డదిడ్డంగా వేయడానికి చేతులు ఒప్పుకోలేదు, తన చేతి పని కదా. పక్కనే నిలబడి చూస్తున్న చిన్నకోడలు, "ఏం ఇసుకక్కా ఇది?" అని అడిగింది.

"ఇసుకే," అంది, జల్లెడ చీర కుచ్చిళ్ల చాటుకు తోస్తూ.

మంగళవారం ఇంకా తెల్లవారకముందే మొగుణ్ణి కుదిపి లేపింది. "లేవండి, బండి తీయండి."

"ఇప్పుడా? తోటలో పక్షులు కూడా లేచుండవే."

పక్క వాకిట్లో జీపు ఇంజను అప్పుడే గుర్రుమంది. ఆమె ఒక్క పరుగున అత్తగారి గుమ్మం దగ్గరికి వెళ్లి, అక్కడున్న రెండు చెప్పులూ తీసుకుని, తమ జీపు వెనక సీట్లో తనే ఎక్కి కూర్చుని, వాటిని ఒళ్లో పెట్టుకుంది.