కాగితం మీది దిబ్బ

సునామీ హెచ్చరిక కేంద్రంలో ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. సముద్రం అడుగున భూమి కదిలితే ఏ వీధిలోకి ఎంత నీరొస్తుందో కంప్యూటర్ చేత లెక్క కట్టించి, మునిగే చోటికి ఎరుపు, మునగని చోటికి పచ్చ రంగు వేయించడం ఆమె పని.

మూడేళ్ళ కిందట సునామీ వచ్చినప్పుడు ఆమె పిన్ని ఉండే వీధికి పచ్చరంగు వచ్చింది. సర్వే కాగితంలో ఆ వీధి ముందు ఆరు మీటర్ల ఇసుక దిబ్బ ఉంది మరి! నిజానికి తన గదుల్లోంచి సముద్రం కనబడాలని ఆ వీధిలోని హోటలాయన దాన్ని ఎప్పుడో చదును చేయించేశాడు. ఆ వీధిలో సైరన్ మోగలేదు. తనను కన్నతల్లికన్నా ఎక్కువగా పెంచిన పిన్ని కుట్టుమిషను ముందు కూర్చునే మునిగిపోయింది.

విచారణలో ఆ పెద్దమనిషి, "దిబ్బ అలకే కొట్టుకుపోయిందండీ," అని నిమ్మకు నీరెత్తినట్టు చెప్పి ఇంటికెళ్ళిపోయాడు. లెక్కలమ్మ టేపు పట్టుకెళ్ళి వీధంతా కొలిచి, కంప్యూటర్లోంచి ఆ దిబ్బను తనే చెరిపేసింది. తవ్వించింది తనేనని వాడి నోటితో అనిపించేదాకా వదలనని ఒట్టు పెట్టుకుంది.

ఈరోజు పొద్దున పదకొండింటికి భూమి మళ్ళీ కదిలింది. నాలుగు నిమిషాల్లో మ్యాపు వచ్చింది. పిన్ని వీధీ, హోటలూ ఎర్రగా ఉన్నాయి. అల రావడానికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలు. ఒక్క క్షణం తటపటాయించకుండా సైరన్ మోగించింది.

పావుగంటకు ఫోన్ వచ్చింది. కేంద్రానికి వచ్చే ప్రతి ఫోనూ రికార్డవుతుంది.

"సైరన్ ఆపించమ్మా! గెస్టులందరూ రోడ్డున పడి పరిగెడుతున్నారు, నా పరువు పోతోంది!"

ఆ గొంతు ఆమె ఎలా మరిచిపోతుంది? "ఒకసారి సముద్రం చూడండి."

ఫోన్లో కిటికీ తెరిచిన చప్పుడు వినబడింది. తర్వాత గొంతు పీలగా వచ్చింది. "వెనక్కి పోతోంది... అమ్మా, ఎటు పోను?"

"మీ దిబ్బ ఎక్కండి."

"దిబ్బెక్కడిది? అలకి కొట్టుకుపోయిందిగా!"

"అల పైపైనే కోస్తుంది. అడుగున మూడు మీటర్లైనా మిగిలుంటుంది, ఎక్కి నిలబడండి."

"ఏమీ మిగల్లేదమ్మా! మొదలంటా తవ్వించేసింది నేనే కదా! దారి చెప్పు తల్లీ!"

లెక్కలమ్మ కళ్ళు మూసుకుంది. మూడేళ్ళుగా ఆ మాట కోసమే బతికింది.

"స్కూలు వెనక నీళ్ళ ట్యాంకు గుట్ట. పదకొండు నిమిషాలుంది, కాళ్ళకి బుద్ధి చెప్పండి. మీరు చావకూడదు. కోర్టుకి రావాలి."