ఇద్దరూ టిక్ పెడితేనే

ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో సారాకు ఒక అద్దె ఫ్లాట్ దొరికింది. పై అంతస్తు, రెండు గదులు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదుటివాళ్ల పెరట్లో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. లోపల స్టవ్, ఒక పాత బీరువా తప్ప ఏమీ లేవు. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. అంతవరకు తోటి నర్సులతో ఒక ఇంట్లో సర్దుకుంది. ఇప్పుడు భర్త షాలేమ్ రాజు వస్తున్నాడు. వీసా చేతికొచ్చింది, టికెట్ కొనడమే తరువాయి.

అతను అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. పెళ్లయ్యాక ఇద్దరూ ఒకే కప్పు కింద గడిపింది నెల కూడా లేదు. మిగతా కాపురమంతా ఫోన్లోనే సాగింది.

ఇంటికి కావలసిన సామాను ఆన్‌లైన్‌లో చూడసాగింది సారా. ఒక షాపు వెబ్‌సైట్లో మన బాస్కెట్‌ను ఇంకొకరితో పంచుకునే వీలుంది. లింకు పంపితే అవతలివాళ్లు తెరిచి చూడొచ్చు, ప్రతి వస్తువు పక్కనా టిక్కో ఇంటూ మార్కో పెట్టొచ్చు, నచ్చనిది తీసేసి ఇంకొకటి వెయ్యొచ్చు. ఇద్దరూ టిక్ పెడితేనే ఆర్డర్ వెళ్లేలా ఆమె ఏర్పాటు చేసుకుంది. మొగుడి చెయ్యి పట్టుకుని బజారు తిరిగినంత సంబరంగా అనిపించింది.

మంచం, పరుపు, నీలం సోఫా, పల్చటి తెల్ల కర్టెన్లు, పెద్ద భోజనాల బల్ల వేసి లింకు పంపింది. డ్యూటీలో బ్రేక్ దొరికి ఫోన్ తీసేసరికి అన్నిటికీ టిక్కులు పడి ఉన్నాయి.

వెంటనే ఫోన్ చేసింది.

"అప్పుడే చూసేశారా?"

"చూశాను సారా. అన్నీ బాగున్నాయి."

"సోఫా నీలం బాగుందా, బూడిద రంగు బాగుంటుందా?"

"నీకేది నచ్చితే అదే."

"మీకేది నచ్చిందో చెప్పండీ."

"నీ సెలక్షన్‌కి వంకేముంటుంది? కానిచ్చెయ్."

సారా ఆర్డర్ పెట్టలేదు. మర్నాడు నీలం సోఫా తీసేసి, వెతికి వెతికి నారింజ రంగు గుడ్డ మీద కోడిపుంజులంత రామచిలకలున్న సోఫా ఒకటి వేసింది. ఈసారైనా అరుస్తాడనుకుంది. కాసేపటికే టిక్ పడింది. 'కలర్‌ఫుల్‌గా ఉంది' అని మెసేజ్ కూడా వచ్చింది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత దిగులేసింది. ఇష్టాయిష్టాలు లేని మనిషేం కాదు అతను. కూరలో చింతపండు ఎక్కువైతే రెండో ముద్దకే చెప్పేవాడు. మరి ఈ ఇంటి విషయంలో ఎందుకిలా?

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో టీ తాగుతూ ఆ మాట సుందరమ్మ ఆంటీ చెవిన వేసింది. ఆంటీది గుంటూరు. చాలా ఏళ్ల కిందట నర్సుగా వచ్చింది. ఆవిడ భర్త జ్ఞానరాజు అంకుల్ తర్వాత వచ్చాడు.

చిలకల సోఫా సంగతి విని ఆంటీ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. ఆనక గొంతు తగ్గించింది.

"మీ అంకుల్ కూడా అంతేనమ్మా. వచ్చిన కొత్తల్లో సోఫాలో ఓ అంచున కూర్చునేవాడు, చుట్టపుచూపుగా వచ్చినోడిలాగ. టీవీ పెట్టుకోవాలన్నా నన్నే అడిగేవాడు. అలిగాడేమో అనుకున్నా. కాదు. ఇది నా పెళ్లాం ఇల్లు అనుకున్నాడు, పిచ్చోడు."

"మీరేం చేశారు ఆంటీ?"

"నాకు తెలిసేసరికే ఏడాది దాటిపోయింది. నువ్వు అంతదాకా ఆగకు."

ఆ మధ్యాహ్నమే సారా ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం. అవతల పిల్లల కేకలు, బంతి చప్పుడు వినిపిస్తున్నాయి.

"ఏవండీ, నిజం చెప్పండి. ఆ చిలకలు మీకు నచ్చాయా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నచ్చకపోతే మాత్రం? కష్టపడేది నువ్వు. నీ ఇల్లు. నేను నీ వీసా మీద వచ్చి కూచునేవాణ్ణి. ఇక్కడ స్టాఫ్‌రూంలో అందరూ అంటున్నారులే, మాస్టారు డిపెండెంటుగా వెళ్తున్నారని. సరదాకే అంటారు. నాకే..."



"ఆ మాట రాసింది వీసా ఆఫీసువాళ్లు, నేను కాదు," అంది సారా. "నేనొచ్చిన మొదటి చలికాలం గుర్తుందా? పొద్దున్నే చీకట్లో, మంచులో బస్‌స్టాపుకి నడవాలంటే భయమేసేది. రోజూ మీరు ఫోన్లో ఉండేవారు. నేను బస్సెక్కి కూర్చున్నానని చెప్పేదాకా పెట్టేసేవారు కాదు. అప్పుడు ఎవరండీ డిపెండెంటు?"

అతను పిల్లలకు దూరంగా నడిచినట్టున్నాడు, కేకలు సన్నబడ్డాయి.

"వినండి. మీరు ఒక్కదాన్నైనా కాదనేదాకా ఆర్డర్ పెట్టను. నేల మీదే పడుకుంటాను."

"బెదిరిస్తన్నావా?"

"ఆయ్!" అంది సారా, అచ్చం వాళ్లూరి యాసలో. అతను ఫక్కున నవ్వాడు.

మర్నాడు డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటూ ఫోన్ చూసింది. తెల్ల కర్టెన్ల పక్కన ఇంటూ మార్కు! వాటి బదులు ముదురు రంగు మందపాటి కర్టెన్లు వచ్చి చేరాయి. కింద ఒక మెసేజ్: 'నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే మనిషివి. ఆ దోమతెరలు ఎండని ఆపుతాయా? ఇవైతే చీకటి చేస్తాయట.'

సారా అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది. పడగ్గది కిటికీ అతను వీడియోలో ఒక్కసారే చూశాడు. అది తూర్పు వైపుకుందని గమనించాడన్నమాట.

ఇంకా కిందికి జరిపింది. పెద్ద భోజనాల బల్ల పోయి చిన్నది వచ్చింది. చిలకల సోఫాకి ఎర్రటి ఇంటూ మార్కు ఒక్కటే కాదు, దండం పెట్టే బొమ్మ కూడా ఉంది.

ఇక్కడే చిక్కొచ్చిపడింది. రోజూ చూసి చూసి ఆ చిలకలు సారాకు నిజంగానే నచ్చేశాయి. ఆమె టిక్ తియ్యనంది. అతను పెట్టనన్నాడు.

"ఇంటికొచ్చినోళ్లు జడుసుకుంటారే!"

"మీరే కదా కలర్‌ఫుల్ అన్నారు?"

"అప్పుడు అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్తన్నాను, ఒద్దు!"

పెళ్లయ్యాక అది వాళ్ల మొదటి తగువు. వారమంతా ఇద్దరూ ఎంతో ఇష్టంగా పోట్లాడుకున్నారు. చివరికి బూడిద రంగు సోఫా దగ్గర రాజీ కుదిరింది. ఆర్డర్ వెళ్లింది.

షాలేమ్ రాజు వచ్చిన మర్నాడే సామాను దిగింది. ఇద్దరూ నేల మీద కూర్చుని మరలు బిగించారు. మంచం తయారయ్యాక సారా దాన్ని గోడవారకు నెట్టబోయింది.

"ఆగాగు. అక్కడ కాదు," అన్నాడతను. "అక్కడ గోడకి హీటరుంది. తల దగ్గర వేడి తగిలితే నిద్రేం పడుతుంది? ఇటు తిప్పు."

"ఇటైతే బీరువా తలుపు తెరుచుకోదండీ."

"బీరువాని జరుపుదాం. పట్టు."

ఆమె సరేననేలోపే చేతులు పైకి మడుచుకుని బీరువాకి భుజం ఆనించాడు. సారా రెండో వైపు వెళ్లి పట్టుకుంది.