ఆవమడికి ఎరువేసే వేళ

ఈశ్వరమ్మ గడ్డిమోపు దించి, మడిలో కాలు పెట్టకుండా గట్టు మీద నుంచే ఆవమొక్కల ఆకులు లెక్కపెట్టింది. అయిదేసి ఉన్నాయి. కింది ఆకు పసుపు తిరుగుతోంది. రాత్రి సన్నవాన పడి నేల పదునుగా ఉంది. మొగ్గ తొడగకముందే బూడిద, గువానో కలిపి మొదళ్ళలో వెయ్యాలి. ఓడల్లో బస్తాలుగా వచ్చే ఆ పక్షిరెట్ట ఎరువు ఆలస్యంగా పడితే ఆకు ఏపుగా పెరుగుతుంది, గింజ తాలుపోతుంది. ఇది ఆమెకెవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి నడుం విరగ్గొట్టుకుని నేర్చుకుంది.

కూలికని ఓడెక్కి వచ్చినవాళ్ళ ఈ దీవిలో, కాంప్ ద మాస్క్ ఊళ్ళో ఎటు చూసినా చెరకే. ఈ ఒక్క మడే ఆమె మాట వినేది. నిరుడు సరిగ్గా ఎరువు వేళకే ఆమె బయట చేరింది. "ముట్టులో పైరు తాకితే మాడిపోద్ది!" అని అత్త ముత్యాలమ్మ అడ్డం పడింది. ఈలోగా పెద్దవానలు పట్టుకున్నాయి, మొగ్గ వచ్చేసింది, పంట పోయింది. తప్పు మాత్రం ఈశ్వరమ్మ చేతిదయింది. "ఇంకోసారి తాలు పడితే ఇక్కడా చెరకే. నువ్వు దొర తోటలో కూలికి పో" అన్నాడు మొగుడు రంగయ్య.

ఈ ఏడూ అంతే, నిన్ననే బయట చేరింది. ముట్టయినా ఆవుకు గడ్డి కోయొచ్చు, పేడ ఎత్తొచ్చు, కట్టెలు కొట్టొచ్చు. ఇంకెవరూ చెయ్యరు గనుక ఆ పనులకు అంటు లేదు. తలుచుకుంటే ఆమెకు కోపం కూడా రాలేదు, ఒళ్ళంతా అలసటే.

"మావా, పోనీ నువ్వు జల్లు. వానలు పట్టుకుంటే మళ్ళీ నిరుటిలాగే అవుద్ది" అంది ఇంటికెళ్ళి.

అరుగు మీద చుట్ట కాలుస్తున్న రంగయ్య నవ్వాడు. "ఆడోళ్ళ పని నేను చేస్తే కాంపోళ్ళు నవ్వరా? నీకేమో ఇప్పుడే రావాలా!"

మర్నాడు పొద్దున్నే అత్త పూజకు పూలు కోసుకురావడానికి వెళ్ళగానే, ఈశ్వరమ్మ ఎరువు తట్ట నెత్తికెత్తుకుని మడిలోకి దిగింది. అత్త వచ్చే దారి మీద ఒక కన్నేసి, గుప్పెడు గుప్పెడు వేసుకుంటూ పోయింది. ఒక్క మొదలూ వదల్లేదు.

కాయలు నిండి, నూర్పిడయ్యాక ముత్యాలమ్మ ఆవాలు దోసిట పట్టుకుని మురిసిపోయింది. "చూశావే? ఆగి శుచిగా ఎరువేస్తే భూదేవి ఎలా ఇస్తాదో!"

ఈశ్వరమ్మకు దాచే ఓపిక కూడా లేకపోయింది. "ముట్టులోనే ఎరువేశానత్తా, మూడో రోజున."

ముసలామె ఉలిక్కిపడి అరుగు వైపు చూసింది. కొడుకు అక్కడే ఉన్నాడు. దగ్గరికి జరిగి గుసగుసగా అంది: "గట్టిగా అనకే. నేనూ నా కాలంలో అంతే చేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు."

ఈశ్వరమ్మ చేట కింద పెట్టింది. నిరుడు పడ్డ మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"మరి నన్నెందుకు ఆపావత్తా?" అంది, అరుగు దాకా వినిపించేలా.