కౌగిలికి సరిపోయే చెట్లు

కొండ అవతల మంటలు లేచాయి. గాలి ఇటు తిరిగేలోపు అడవిలో ఈ పట్టీ పలచబడాలి. ఇరుకిరుగ్గా పెరిగిన సన్నచెట్లు తీసేస్తే నిప్పు నేలబారున పోతుంది. లేకపోతే వాటినే నిచ్చెన చేసుకుని పెద్దచెట్ల నెత్తికెక్కుతుంది. అక్కణ్ణుంచి తన అక్కయ్య ఇల్లు ఎంత దగ్గరో ఫారెస్టు రేంజరమ్మకు తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆ ఇంటాయన, అంటే బావగారు, అడవిని కాపాడ్డానికి దిగారు.

ఆయనకు బట్టల కొట్టుంది, దాంతోపాటు వృక్షప్రేమికుల సంఘం అధ్యక్ష పదవి కూడా ఉంది. సంఘమంతా వచ్చి తలా ఒక చెట్టును కౌగిలించుకుంది. లావుచెట్లు చేతులకు అందవు, ఫొటోలో మొహమూ కనబడదు. అందుకని ఏరికోరి సన్నవాటినే వాటేసుకున్నారు. అంటే, కొట్టాల్సినవాటినే.

“బావా, అవి ఒకదాని గొంతు ఒకటి నొక్కుకుంటున్నాయి. వదులు. మంటొస్తే నీ ఇంటికే ముప్పు.”

“ప్రాణం పోయినా వదలను మరదలా. కాస్త పక్కకు జరుగు, ఫొటోకి అడ్డొస్తున్నావు.”

పొగ వాసన ముక్కుకు తగిలింది. రేంజరమ్మ వాగు ఒడ్డున ఉన్న మహావృక్షం వైపు చెయ్యి చూపింది. “సరే, వీళ్లు పట్టుకున్నవి వదిలెయ్ మేస్త్రీ. ఆ పెద్దదాన్ని లేపెయ్.”

చెట్లు కొట్టే కూలీల మేస్త్రీ నోరెళ్లబెట్టాడు. ఆమె కన్ను కొట్టింది. అతను మోటారు రంపం స్టార్ట్ చేసి యముడిలా నడిచాడు.

“దుర్మార్గం” అంటూ బావగారు పరుగెత్తారు. వెనకే సంఘం, ఆ వెనకే కెమెరా. చేతులు కలిపి మాను చుట్టూ దడి కట్టారు. మేస్త్రీ వాళ్ల ముందు రంపాన్ని ఉత్తుత్తినే హోరెత్తిస్తూ నిలబడ్డాడు. ఆ హోరులో వెనక మిగతా రంపాల చప్పుడు ఎవరి చెవినా పడలేదు. కూలీలు సన్నచెట్లను కొట్టినవి కొట్టినట్టే అవతలికి లాగేశారు.

శిఖరం మీద ఎర్రగా కనబడగానే సంఘం వృక్షప్రేమను అక్కడే వదిలేసి వ్యానెక్కింది.

మంట వచ్చింది. ఎక్కడానికి నిచ్చెన లేక ఎండుటాకులు నాకుతూ, మాను మొదలు కాస్త నల్లబరిచి, వాగు దగ్గర చచ్చిపోయింది.

మర్నాడు సభలో బావగారు మైకు పట్టుకున్నారు. “మా కౌగిలింతే ఆ మానుని బతికించింది.”

“నిజమేనా?” అక్కయ్య చెవిలో అడిగింది.

“నూటికి నూరుపాళ్లు. నీ ఇంటిని కూడా” అంది రేంజరమ్మ.

సభ అయ్యాక ఆమె బావగారి దగ్గరికెళ్లి గొంతు తగ్గించింది. “వచ్చేవారం ఉత్తరం వాలు మీద పని. అక్కడ ఇంతకన్నా లావుచెట్టు ఉంది బావా.”

“కొట్టేస్తారా?” బావగారి కళ్లు మెరిశాయి.

“నువ్వు రాకపోతే అంతే మరి. కెమెరా మర్చిపోకు.”