కిటికీ పక్క మంచం

గొర్రెను కొనేటప్పుడు నేను కళ్లను నమ్మను. అమ్మేవాడు సంతకు తెచ్చే ముందు దానికి ఉప్పు నాకించి కడుపు నిండా నీళ్లు తాగిస్తాడు, ఉన్ని దువ్వుతాడు. దూరం నుంచి చూస్తే బొద్దుగా కనిపిస్తుంది. ఉన్నిలోకి వేళ్లు పోనిచ్చి వెన్ను తడిమితేనే అది ఏం తిని పెరిగిందో తెలుస్తుంది. నా వయసంతా ఇదే వ్యాపారం. మనుషుల్ని కూడా ఇలాగే అంచనా వేసుకుంటూ వచ్చాను, పెద్దగా నష్టపోలేదు.

వసంతంలో జిల్లావాళ్లు మా లోయలోని వృద్ధుల ఇంట్లో ముసలివాళ్లను ఎలా చూస్తున్నారో పరిశీలించి రమ్మని ఒక సంఘం వేశారు. ఒక డాక్టరు, ఒక పంతులమ్మ, ప్రజల తరఫున ఒకరు. ఆ ఒకరు నేనవుతానని నేనే వెళ్లి అడిగాను. కెరిమ్‌కుల్‌కు ఈ వయసులో ధర్మబుద్ధి పుట్టిందని సంతలో మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

అసలు సంగతి మా వదిన. పేరు బురుల్. నాకు నడక సరిగ్గా రాకముందే మా అమ్మ పోయింది. అన్న పెళ్లి చేసుకుని తెచ్చిన బురులే నన్ను పెంచింది. అన్న పోయాక నా ఇంటికే వచ్చింది. ఏడాదిగా ఆమెకు మతి నిలవడం లేదు, మంచం దిగడం లేదు. నా భార్య పోయింది. కొడుకు లారీ తోలుకుంటూ దేశాలు తిరుగుతాడు. కోడలు మీరిమ్‌కు ఇద్దరు పసిపిల్లలు, ఆవులు, పొయ్యి. పొద్దున్నే సంతకు పోయి చీకటి పడే వేళకు వచ్చేవాణ్ని నేను. వదినను ఆ వృద్ధుల ఇంట్లో చేర్చడమే మేలని లోపల తేల్చుకున్నాను. కానీ మా దగ్గర పెద్దవాళ్లను అక్కడ దించి వచ్చినవాణ్ని జనం టీకి కూడా పిలవరు. బంధువుగా వెళ్లి చూస్తే నేను ఇల్లు చేరేలోపే సంతంతా తెలిసిపోతుంది. సంఘం మనిషిగా వెళ్తే ఏ తలుపైనా తియ్యవచ్చు, ఏ ప్రశ్నయినా అడగవచ్చు. ముందు సరుకు చూద్దాం, నచ్చితే ఎవరికీ తెలియకుండా ఎలా చెయ్యాలో తర్వాత చూద్దాం అనుకున్నాను.

మిగతా ఇద్దరికంటే ముందే బయలుదేరి వెనక దారిన వెళ్లాను. మందను చూడాలంటే అమ్మేవాడు వరసలో నిలబెట్టకముందే, నీళ్ల దగ్గర చూడాలి. దండెం మీద దుప్పట్లు ఆరుతున్నాయి. చాలా ఉన్నాయి, కొన్ని అతుకులు వేసినవి. మాకు చూపించి మెప్పించడానికి పెట్టెలోంచి తీసినవి కావు, రోజూ ఉతికేవే. మొదటి మార్కు అక్కడ వేశాను.

లోపల ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, పెద్దవాళ్లకు మేం చేసే పద్ధతిలో రెండు చేతులతో చెయ్యి పట్టుకుని పలకరించాను. అది మర్యాదే, తనిఖీ కూడా. చేతులు వెచ్చగా ఉన్నాయి. గోళ్లు కత్తిరించి ఉన్నాయి. ఒక తాత భుజం మీద చెయ్యి వేసినట్టు వేసి వెన్ను తడిమాను. కండ ఉంది. ఒక పరుపు వాసన చూశాను. ఖాళీ మంచం దగ్గర గంట మీట నొక్కి తలుపు చాటున నిలబడ్డాను. పిండి అంటిన చేతులతోనే ఒక అమ్మాయి పరుగున వచ్చింది. ఎవరూ లేకపోయేసరికి మంచం కింద వంగి కూడా చూసింది, ఎవరైనా పడిపోయారేమోనని. నేను బయటికి వచ్చి దగ్గాను.

"పెద్దాయనా, మీరా నొక్కింది? ఆటలాడకండి. రొట్టె మాడిపోతుంది" అంది.

తూర్పు గదిలో కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. "ఈ కిటికీ ఎటువైపు? చలికాలం ఎండ పడుతుందా?" అని అడిగాను.

పక్క మంచం మీద ఒక చిన్న ముసలామె గోడకు దిండు ఆనించి కూర్చుని ఉంది. తర్వాత తెలిసింది, పేరు ఉల్జాన్. "ఎవర్ని తెస్తున్నావు అబ్బాయ్?" అంది.

"తేవడానికి రాలేదవ్వా. పరిశీలనకొచ్చాను."

"పరిశీలనకొచ్చినోళ్లు వంటింట్లో మూతలెత్తి చూస్తారు, మాంసం తింటారు, పోతారు. ఎండ ఎటు పడుతుందని అడిగేవాడు ఎవర్నో తెస్తాడు. అమ్మనా?"

"కాదు. నాకో స్నేహితుడున్నాడు. వాడి వదిన."

"ఆ స్నేహితుడిక్కూడా నీలాగే మీసాలుంటాయా?"

గదిలో ముసలమ్మలందరూ నవ్వారు. సంతలో నన్ను చూసి ఇలా నవ్వినవాడు లేడు. అప్పుడే ఆ ఇంటి పెద్ద జిపార్ లోపలికి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, తలకు గట్టిగా గుడ్డ కట్టుకుని ఉంది. ఆమె నవ్వలేదు.

"అన్నా, మీ స్నేహితుడికి ఒక మాట చెప్పండి" అంది. "ఆవిడ బట్టలు తేకపోయినా ఫర్వాలేదు, మందులు మేం కొంటాం. ఆవిడ ఇంట్లో ఎవర్ని ఏమని పిలుస్తుందో అది మాత్రం అడిగి తెలుసుకుని రమ్మనండి."

"ఎందుకు?"

"పోయినేడు ఒకావిడ వచ్చింది. రోజంతా 'తెల్లబుగ్గ ఏడీ, తెల్లబుగ్గ వచ్చాడా' అని ఒకటే పిలుపు. అది ఎవరో మాకేం తెలుసు? దించినోళ్లు ఫోనెత్తరు. చివరికి ఏదో చుట్టం వచ్చి చెప్పాడు, అది ఆవిడ మరిది అని. ఆయన్ని పట్టుకుని తీసుకొచ్చేసరికి ఆవిడ పిలవడమే మానేసింది." కిటికీ పక్క మంచం మీద దుప్పటి సర్దుతూ అడిగింది. "ఇంతకీ మీ స్నేహితుణ్ని వాళ్ల వదిన ఏమని పిలుస్తుంది?"

"తెలీదు" అన్నాను.

తెలియకపోవడమేమిటి. మా ఆడవాళ్లు అత్తింటి మనుషుల పేర్లు నోటితో పలకరు. మామనూ బావనే కాదు, చంకనేసుకుని తిరిగే మరిదిని కూడా పేరు పెట్టి పిలవరు. కొత్తకోడలు తనే ఒక్కొక్కరికి ఒక పేరు పెట్టుకుంటుంది. నేను గొర్రె కాలి ఎముకలతో గోలీల్లా ఆడుకునే రోజుల్లో, మూడు చిన్నవి ఇచ్చి రెండు పెద్దవి తెచ్చుకునేవాణ్ని. అది చూసి వదిన నాకు బేరాలబ్బాయి అని పెట్టింది. ఈ లోకంలో నన్ను ఆ పేరుతో పిలిచేది ఆమె ఒక్కతే.

చలికాలమంతా పక్కగదిలోంచి ఆ పిలుపు వినిపిస్తూనే ఉంది. "బేరాలబ్బాయ్, వచ్చావా?" నేను ముందుగదిలో టీ తాగుతూ వినేవాణ్ని. అలిసిపోయి ఉంటాను, లోపలికి వెళ్తే మాటలు అతుక్కోవు, చెప్పిందే చెబుతుంది. మీరిమ్ ఒకసారి అడిగింది, ఎవరు మామయ్యా ఆ బేరాలబ్బాయి అని. మతి లేక ఏదో అంటుంది, నువ్వు పట్టించుకోకు, పని చూసుకో అన్నాను. ఆ పిల్ల నా మాట విన్నది.

భోజనాల దగ్గర డాక్టరు నన్ను అడిగాడు, మీకేం లోపం కనిపించింది అని. ఏ సరుకులోనైనా ఒక లోపం పట్టుకోనిదే లేచేవాణ్ని కాదు. "ఉల్జాన్ అవ్వ మంచం దగ్గర గంట మోగడం లేదు" అన్నాను.

"ఆవిడకి గంటెందుకండీ. ఆవిడ అరిస్తే పక్క లోయలో కుక్కలు లేస్తాయి" అంది జిపార్. అందరూ నవ్వారు. బాగుందని రాసుకోండి అని డాక్టరుతో చెప్పి లేచాను. మాంసం ముట్టలేదు. ఆరోగ్యం బాలేదన్నాను.

ఇంటికి వచ్చేసరికి మీరిమ్ ఆవు పాలు పితుకుతోంది. పిల్లలు పొయ్యి దగ్గర ఉన్నారు. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోకుండా నేరుగా పక్కగదిలోకి వెళ్లాను. ఆ గది కిటికీ ఉత్తరం వైపు. అక్కడ ఎండ ఎప్పుడూ పడదు. ఆ సంగతి అప్పుడే గమనించాను.

రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. గోళ్లు పెరిగి లోపలికి వంగాయి. వీపు కింద చెయ్యి పెట్టి లేపితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్లకు తగిలాయి. దుప్పటి తడిగా ఉంది. సంతలో ఈ స్థితిలో ఉన్న గొర్రెను ఎవడైనా నా ముందు నిలబెడితే, తీసుకెళ్లు, నలుగురిలో పరువు పోతుంది అనేవాణ్ని.

వదిన కళ్లు తెరిచి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవరు బాబూ మీరు?" అంది మర్యాదగా.

తడి దుప్పటిని పక్కకు తీశాను.

"గొర్రెల కోసం వచ్చారా? మా బేరాలబ్బాయి ఇంట్లో లేడు. వాడొచ్చేదాకా కూర్చోండి. వాడు లేకుండా బేరమాడితే మా ఆయన మోసపోతాడు." గొంతు తగ్గించింది. "వాడికి కొవ్వు ముక్క దాచిపెట్టాను. గిన్నె కిందుంది. ఆకలితో వస్తాడు."

నేనే వదినా అని చెప్పవచ్చు. చలికాలంలో అయితే నమ్మేదేమో. ఇప్పుడు ఆమె చూపు నన్ను దాటి తలుపు వైపు వెళుతోంది, ఇంకెవరో రావాల్సి ఉన్నట్టు. "వస్తాడమ్మా" అన్నాను.

గుమ్మంలో పాల బకెట్టుతో మీరిమ్ నిలబడి ఉంది. "మామయ్యా, ఎవరు ఆ బేరాలబ్బాయి?"

"నేనే."

ఆమె బకెట్టు కింద పెట్టింది. "ముందే చెప్పుంటే, పిలిచినప్పుడల్లా వచ్చి, అదుగో వస్తున్నాడు అనైనా అనేదాన్నిగా" అని నీళ్లు కాచడానికి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు జిపార్‌కు ఫోన్ చేశాను. స్నేహితుడెవరూ లేడని చెప్పాను. "తెలుసన్నా" అంది. ఇంట్లోనే ఉంచి బాగా చూసుకోవచ్చు కదా అని నాలో నేను రెండు రోజులు వాదించుకున్నాను. లెక్క ఎటు తిప్పినా ఒకటే తేలింది. మీరిమ్‌కు రెండే చేతులు. నావి ఎన్నడూ ఆ గదిలోకి రాని చేతులు. అక్కడ గంట నొక్కితే పిండి చేతులతో పరుగెత్తే మనిషి ఉంది. నన్ను ఇన్నాళ్లూ ఆపింది వదిన మీద ప్రేమ కాదు, సంతలో పరువు. ఆ పరువు కోసమే దొంగతనంగా చూసి వచ్చాను. ఇక దొంగతనంగా తీసుకెళ్లకూడదు అనుకున్నాను.

సంత కిటకిటలాడే వేళనే, సంత మధ్య దారినే, కారు అద్దాలు దించి తీసుకెళ్లాను. మాంబెత్ అడ్డం వచ్చాడు. ముప్పై ఏళ్లుగా నా పక్కనే గొర్రెలు అమ్మేవాడు.

"ఏంటి కెరిమ్‌కుల్, వదినగారికి పెళ్లి చూపులా?"

"వృద్ధుల ఇంట్లో చేర్చడానికి తీసుకెళ్తున్నాను."

అతని నవ్వు సగంలో ఆగింది. చుట్టూ బేరాలు కూడా ఆగాయి. మాంబెత్ కల్పాక్ టోపీ తీసి వదినకు వంగి దణ్ణం పెట్టాడు, నావైపు చూడకుండా పక్కకు తప్పుకున్నాడు.

"డ్రైవరు బాబూ, కొంచెం నెమ్మదిగా పోనీ" అంది వదిన వెనక సీట్లోంచి. "మావాడు ఈ సంతలోనే ఉంటాడు. కనిపిస్తే ఆపు."

"అలాగేనమ్మా" అని కారు నెమ్మది చేశాను. సంత దాటేదాకా ఆమె కారు కిటికీలోంచి ఒక్కొక్క మొహం వెతుకుతూనే ఉంది.

కిటికీ పక్క మంచం మీద ఎండ పడుతోంది. ఉల్జాన్ నన్ను చూసి ఏదో అనబోయి, వదినను చూసి మానుకుంది. తన శాలువా తీసి వదిన కాళ్ల మీద కప్పింది. గేటు దగ్గర జిపార్ అడిగింది. "ఆ పేరుతో పిలిస్తే ఏం చెయ్యమంటారు?"

"ఫోన్ చెయ్యి. వస్తాను."

"మిమ్మల్ని గుర్తుపట్టదు కదన్నా."

"అయినా వస్తాను."

నాలుగో రోజు, సంతలో మంచి బేరం మధ్యలో ఉండగా ఫోన్ వచ్చింది. గొర్రె వెన్ను మీంచి చెయ్యి తీశాను. కొనేవాడు ఏమైందని అడిగాడు. మా వదిన పిలుస్తోంది అని చెప్పాను, చుట్టుపక్కల అందరికీ వినబడేలా.